అక్క నోరు తెరిచింది

ఉత్తమ నవలలను ధారావాహికలుగా తీసి, పుస్తకాలు చదివే శ్రమ నుంచి ప్రజలను శాశ్వతంగా విముక్తులను చేయాలని మన ఛానల్ వారు తీర్మానించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ తీర్మానాన్ని అన్ని వర్గాలవారూ స్వాగతించారు. చదివే అలవాటున్న వర్గం ఒక్కటే స్వాగతించలేదు. ఆ వర్గంలో ఉన్నది ముగ్గురో నలుగురో. వాళ్ళు కూడా ఆ రోజు ఏదో చదువుకుంటూ ఉండి వార్త చూడలేదు.

ఏ నవల తీయాలో తేల్చడానికి ఒక ఎంపిక సంఘం ఏర్పడింది. ప్రకటనల మేనేజరు, దుస్తుల విభాగం పెద్దావిడ, నేపథ్యంలో ఉరుములు వాయించే ఆయన, ఛానల్ అధినేతగారి బావమరిది అందులో సభ్యులు. నిష్పాక్షికత కోసం వీరు ఒక నియమం పెట్టుకున్నారు. నవల చదివిన మనిషికి దాని మీద ఇష్టమో అయిష్టమో పుడుతుంది. అది పుట్టాక ఇక న్యాయంగా తూచలేడు. కాబట్టి ఏ నవల గురించైనా దాన్ని చదవనివాళ్ళే అభిప్రాయం చెప్పాలి. ఈ లెక్కన సభ్యులందరికీ అన్ని నవలల మీదా పూర్తి అర్హత ఉందని మొదటి సమావేశంలోనే తేలింది. బావమరిది మాత్రం చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఒక నవలలో కొన్ని పేజీలు చదివానని ఒప్పుకున్నాడు. ఆ నవల చర్చకు వచ్చిన రోజు అతను తనంతట తానే లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంది?

నవలలకు మొదట తలుపుల పరీక్ష పెట్టారు. ధారావాహికలో ఎవరు ఏ ముఖ్యమైన మాట అన్నా దాన్ని తలుపు చాటున నిలబడి ఇంకొకరు వినాలి. ఇది మన ఛానల్‌కు ప్రాణం. అందుచేత ఏ నవలలో ఎన్ని తలుపులున్నాయో ముందు చూశారు. సముద్రం మీద దారి తప్పిన ఇద్దరు జాలర్ల నవల ఒకటి వచ్చింది. మంచి నవలే. కాని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క తలుపు లేదు.

"పడవకి తలుపు పెట్టిస్తే పోదూ?" అంది దుస్తుల విభాగం పెద్దావిడ.

"పెట్టొచ్చమ్మా. చాటుగా వినేవాడు ఎక్కడ నిలబడతాడు? నీళ్ళలోనా?" అన్నాడు ఉరుముల ఆయన.

"వాడికి ఈత వచ్చని చూపిద్దాం."

"ఈదుతూ వింటే చప్పుడు కదమ్మా. నా ఉరుము ఎవరికి వినపడుతుంది?"

పడవ మునిగింది. తర్వాత కరువు మీద రాసిన నవల వచ్చింది. అది అందరికీ నచ్చింది గాని, ధారావాహిక వేళకు ప్రకటనలిచ్చేది బిస్కెట్ల కంపెనీ. ఆకలితో అలమటించే ఊరిని చూపించి, మధ్యలో బిస్కెట్ చూపిస్తే బాగుండదని ఒకరన్నారు. ఊరివాళ్ళు ఆ బిస్కెట్ తిని బతికారని చూపిద్దామని మరొకరన్నారు. అలా అయితే కరువు మొదటి రోజే తీరిపోతుందని మూడోవారు కనిపెట్టడంతో దాన్నీ పక్కన పెట్టారు. ఒక హత్య నవల రాసిన ముసలాయనను పిలిపించి, హంతకుడెవరో మీరు కూడా మర్చిపోగలరా అని అడిగారు. నా వల్ల కాదు బాబూ, వాణ్ణి నేనే కన్నాను అన్నాడాయన. సహకార లోపం కింద ఆయన నవలను తిప్పి పంపారు.

లావుపాటి నవలల మీద బావమరిది చెప్పిన మాట అందరినీ ఆలోచింపజేసింది. "వాటిలో కథ ఉంటుందండీ. కథ అన్నాక అది ఎటో ఒకవైపు పోతుంది. మనం ఇంకోవైపు పోవాలి. రోజూ గొడవే." అందుకని కథ అడ్డు రాని నవల కావాలని ప్రకటన ఇచ్చారు. వచ్చిన పుస్తకాల కట్టలన్నీ విప్పితే అడుగున, రెండు అట్టల మధ్య నలిగిపోయి, అన్నిటికంటే పలచటి నవల ఒకటి దొరికింది. ఏకగ్రీవంగా దాన్నే ఎన్నుకున్నారు.

ఆ నవల రాసింది మా పక్కింటి కుట్టు టీచరు. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు కుట్టు నేర్పి, చూపు మందగించి సూదిలో దారం ఎక్కడం మానేశాక, ఆమె ఈ ఒక్క నవలా రాసింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ అది. అమ్మ పోయాక అమ్మ కుట్టుమిషను ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి, చెల్లెలు పెట్టె సర్దుకుని రైలెక్కుతుంది. అక్క వెంట వెళ్తుంది. చెల్లెలి కోటుకు ఊడిపోబోతున్న బొత్తాం ఒకటి కనిపిస్తే కిటికీలోంచి చెయ్యి పెట్టి కుడుతుంది. రైలు కూత వేస్తుంది. అక్క నోరు తెరిచి ఒక్క మాట చెబుతుంది. రైలు వెళ్ళిపోతుంది. అంతే, పుస్తకం అయిపోయింది.

నిజంగా జరిగింది కూడా అదే, ఆ ఒక్క మాట తప్ప. కుట్టు టీచరు బొత్తాం కుట్టింది, దారం పంటితో కొరికింది, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. అంతటితో అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. ఫోను చేస్తే చెల్లెలు ఎత్తదు. మనిషిని పంపితే ఇంట్లో లేనని లోపలి నుంచి తనే చెబుతుంది. మీ ఇంట్లో ఇలాంటివి ఉండవు గనక మీకు వింతగా ఉండవచ్చు.

"పిన్నిగారూ, అది పుస్తకం చేత్తో ముట్టదు. చిన్నప్పట్నించీ అంతే, రెండు పేజీలు చదివితే తలనొప్పి" అంది టీచరు నాతో, ఛానల్ వారి కబురు అందిన రోజు. "రాత్రి ఏడున్నరకి ఆ ఛానల్ పెట్టిందంటే మాత్రం ఇల్లు అంటుకున్నా కదలదట. ఆ ఒక్క మాటా దాని చెవిన పడితే చాలు నాకు. డబ్బూ వద్దు, పేరూ వద్దు."

"అయితే ముందే కాగితం రాయించుకో తల్లీ. నోటి మాట గాలి మూట" అన్నాను.

ఛానల్ వారు సంతోషంగా రాసిచ్చారు. ఆఖరి భాగంలో, ఆఖరి సన్నివేశంలో, అక్క పాత్ర చెప్పవలసిన మాట నవలలో ఉన్నది ఉన్నట్టుగా, అక్షరం పొల్లు పోకుండా చెప్పించబడును. అంతవరకు సదరు మాటను రచయిత్రి ఎవరికీ వెల్లడి చేయరాదు. ఈ ఒప్పందాన్ని ఛానల్ వారు ఈనాటి వరకూ ఒక్క వెంట్రుకవాసి కూడా మీరలేదు. వాళ్ళను అన్యాయంగా ఒక్క మాట అన్నా కళ్ళు పోతాయి.

ధారావాహిక మొదలైంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మరీ తక్కువని, తలుపుకు ఒకరు చొప్పున మేనమామలను, పెద్దమ్మలను చేర్చారు. కుట్టుమిషను పాతగా ఉందని వజ్రాల హారం పెట్టారు. బొత్తాల కంపెనీ వాళ్ళు ఎవరూ ప్రకటన ఇవ్వకపోవడంతో బొత్తాం తీసేశారు. ఇన్ని చేసినా కథ కథే కదా. మూడో వారానికల్లా చెల్లెలు రైలెక్కి కూర్చుంది, అక్క వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఇక నోరు తెరవడమే తరువాయి. అధినేతగారికి నిద్ర పట్టలేదు. ప్రకటనలకు ఏడాది సొమ్ము ముందే పుచ్చుకున్నారు మరి.

ఆపద్బాంధవిలా ముఖాల నియమం ఆదుకుంది. ఎవరైనా ముఖ్యమైన మాట అనబోతే, అక్కడున్న ప్రతి ఒక్కరి ముఖాన్నీ విడివిడిగా, దగ్గరగా, మూడేసి సార్లు, ఉరుముతో సహా చూపించాలని మన ఛానల్‌లో నియమం. ఇంట్లో అయితే ఎనిమిది ముఖాలు. దర్శకుడు ఆ ఇంటి లెక్కే మనసులో పెట్టుకుని, జనంతో కిటకిటలాడే రైల్వే ప్లాట్‌ఫాం కట్టించాడు. షూటింగు రోజున సహాయకుడు వచ్చి చెవిలో చెప్పాడు.

"సార్, ప్లాట్‌ఫాం మీద నాలుగొందల మంది ఉన్నారు."

"ఉండనీ. బాగుంది కదా, కళకళలాడుతోంది."

"అందరి ముఖాలూ చూపించాలి కదండీ, నియమం."

దర్శకుడు నెత్తి మీద చేతులు పెట్టుకుని పట్టాల మీద కూలబడ్డాడు. అధినేతగారు మాత్రం ఈ కబురు విని దర్శకుణ్ణి వెతుక్కుంటూ వచ్చి కౌగలించుకున్నారు.

ఒక సోమవారం నాడు అక్క నోరు తెరిచింది. ముఖాలు మొదలయ్యాయి. ముందు సామాన్లు మోసే కూలీ ముఖం. కూలీని అంత దగ్గరగా చూశాక అతని గతం చెప్పకపోతే బాగుండదు గనక, అతని ఇల్లు, ఆ ఇంటి తలుపులు, తలుపుల చాటున అతని అత్తగారు వచ్చారు. తర్వాత టికెట్ల తనిఖీ ఆయన ముఖం. ఆయనా, కూలీ ఇద్దరూ చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు. తర్వాత బెంచీ మీద నిద్రపోతున్న ముసలాయన. నిద్రపోయే మనిషికి ముఖంలో భావం ఉండదు కాబట్టి, అతను లేచేదాకా ఆగారు. అతను లేవడానికి ఒక వర్షాకాలం పట్టింది.

అంతకాలమూ అక్క నోరు తెరిచే ఉంది. ఇది గమనించిన పళ్ళపొడి కంపెనీవారు బిస్కెట్లవారిని తోసేసి తాము ముందుకు వచ్చారు. నోరు మూసినచో ఒప్పందం రద్దగును అని షరతు పెట్టారు. నటికి దవడ పట్టేయకుండా సెట్టు మీద ఒక పళ్ళ డాక్టరును నియమించారు. కిటికీలో కూర్చున్న చెల్లెలి పాత్రధారికి పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, పెద్దది బడికి కూడా వెళ్ళసాగింది. ప్రేక్షకులకు మాత్రం ఆమె ఇంకా రైలు కదలబోతుందేమోనన్న కంగారులోనే కనిపించేది.

దేశమంతా ఆ మాట ఏమై ఉంటుందన్న ఆలోచనలో పడింది. కాలేజీలో సదస్సు పెట్టారు. తెరిచిన నోటి మీద ఒకాయన డాక్టరేటు తీసుకున్నాడు. సరిగ్గా ఊహించినవారికి కారు ఇస్తామని ఛానల్ వారు పోటీ పెడితే, లక్షలాది మంది ఊహలు పంపారు. విజేతను ఆఖరి భాగంలో ప్రకటిస్తారు. ఈలోగా కారు తుప్పు పట్టిందని ఒక పుకారు పుడితే, ఛానల్ వారు దాన్ని గట్టిగా ఖండించి, తుప్పు మీద రంగు వేయించారు.

జనం మర్యాదలు కూడా ఎంతో మెరుగుపడ్డాయి. కోర్టులో జడ్జిగారు తీర్పు చెప్పడానికి నోరు తెరిచి, గుమాస్తా మొదలు బంట్రోతు దాకా అందరి ముఖాలూ నిదానంగా చూసి, మిగతాది రేపు అని లేచి వెళ్ళేవారు. ముద్దాయిలు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నిజమైన రైల్వే స్టేషన్లలో, "వెళ్ళొస్తా" అన్నవాళ్ళకు తిరిగి జవాబు చెప్పడం మోటుతనం అయిపోయింది. సాగనంపడానికి వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడేవాళ్ళు. పోయేవాళ్ళు చుట్టుపక్కల ముఖాలు చూసుకుంటూ పోయేవాళ్ళు. రైలు పోయాక అందరూ చాలా బాగా జరిగిందని మెచ్చుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. నా వయసు వాళ్ళం మాత్రం పాత అలవాటు కొద్దీ "జాగ్రత్తమ్మా, చేరగానే చెప్పు" అని అరిచి, అందరి దృష్టిలో చులకనయ్యేవాళ్ళం.

ఒకనాడు కుట్టు టీచరు నన్ను తోడు తీసుకుని ఛానల్ ఆఫీసుకు వెళ్ళింది. అధినేతగారు లేచి నిలబడి నమస్కరించారు. పెద్దవాళ్ళంటే ఆయనకు అంత గౌరవం.

"బాబూ, ఆ రైలు ఎప్పుడు కదులుతుంది?" అంది టీచరు.

"అమ్మా, మీ మాటకి మేము విలువ పెంచుతున్నాం. మొదటి నెలలోనే చెప్పించి ఉంటే అది ఒట్టి మాట. ఇప్పుడది జాతి సంపద."

"జాతికి కాదు బాబూ, మా చెల్లెలికి. దానికి డెబ్బై దగ్గర పడుతోంది. నాకు దాటేసింది."

"ఏం బెంగ పెట్టుకోకండమ్మా. ఆ వయసు ప్రేక్షకులే మా బలం."

"ముగించే ఆలోచన అసలు ఉందా లేదా?"

"ఎందుకు లేదూ? ఇంకా రైలు పెట్టెల్లో కూర్చున్నవాళ్ళ ముఖాలు మిగిలాయి. అవి కాగానే ముగించేస్తాం."

"ఎన్ని పెట్టెలు బాబూ?" అని నేనడిగాను.

"ప్రస్తుతానికి పదహారు" అన్నారాయన. "ప్రేక్షకుల ఆదరణను బట్టి ఇంకొన్ని తగిలిస్తాం."

బయటికి వచ్చాక టీచరు మెట్ల మీద కాసేపు కూర్చుంది. నేను మందుబిళ్ళ వేసుకున్నావా అని అడిగాను.

ధారావాహిక రెండు వేల భాగాలు నిండిన సందర్భంగా గొప్ప సభ జరిగింది. ఎంపిక సంఘం సభ్యులందరికీ సాహిత్య సేవకు పతకాలిచ్చారు. బావమరిది తన పతకాన్ని తాను చదవని పుస్తకాలన్నిటికీ అంకితమిచ్చాడు. అధినేతగారు మైకు పట్టుకున్నారు.

"మిత్రులారా! అనాదిగా మానవజాతిని పీడిస్తున్న దురాచారం విడిపోవడం. మహామహులు దాని గురించి ఏడ్చారే గాని ఏమీ చేయలేకపోయారు. మన ఛానల్ దాన్ని ప్రతిరోజూ ఏడున్నరకు ఆపుతోంది! ఆ రైలు కదలనంతకాలం ఏ అక్కా ఏ చెల్లెలికీ దూరం కాదు! ఇందుకు మూలకారణమైన ఈ తల్లిని మీ అందరి తరపునా సత్కరిస్తున్నాను."

కుట్టు టీచరుకు మనిషెత్తు పళ్ళపొడి డబ్బా బహూకరించారు. దాని పక్కన ఆమె ముఖాన్ని మూడుసార్లు దగ్గరగా చూపించి ఉరుము వాయించారు. మొట్టమొదటిసారి ఆమె దేశానికంతటికీ కనిపించింది.

మర్నాడు సాయంత్రం ఏడు దాటాక ఆమె ఇంట్లో ఫోను మోగింది. నేనక్కడే కూర్చుని ఉన్నాను. చెవి సరిగా వినపడదు కనుక ఆమె స్పీకరు పెట్టింది.

"అక్కా! ఏమే, నువ్వటే రాసింది? నిన్న టీవీలో చూసి గుర్తుపట్టలేదంటే నమ్ము. ఎంత చిక్కిపోయావే!"

టీచరు ఫోను దగ్గరికి వంగింది. "బాగున్నావటే? మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్ళకేం, ఉన్నాయి. ఒక్కరోజు కూడా వదల్లేదే నీ సీరియల్. ఆ అక్క ఎంత మంచిదే పాపం! దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ చెల్లెలు మాత్రం... ఎంత పొగరే దానికి! మూతి చూడు, ముప్ఫై ఆరు వంకరలు. అంత మొండి మనిషి నీకెక్కడ దొరికిందే?"

టీచరు నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

"అది కాదే... నువ్వు రైలెక్కిన రోజు నీ కోటు బొత్తాం ఊడబోతుంటే కుట్టాను. గుర్తుందా?"

"ఏ కోటే? నాకు కోటెక్కడిది?"

"ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఫోను ఎత్తకపోతివి కదే."

"రోజూ చూస్తూనే ఉన్నాను కదటే! ఆ అక్కని చూస్తుంటే నువ్వు పక్కన ఉన్నట్టే ఉండేది. ఇంక ఫోనెందుకు చెప్పు?"

టీచరు గొంతు సవరించుకుంది. "ఇదిగో విను. ఒప్పందం ఏమైతే అయింది, కోర్టుకి లాగితే లాగనీ. ఆ అక్క చెప్పే మాట ఉంది చూడూ, అది నీకు ఇప్పుడు చెప్తాను."

"అయ్యో వద్దు!" చెల్లెలు పెట్టిన కేకకు నేను ఉలిక్కిపడ్డాను. "చెప్పకు, చెప్పకు, నీకు దణ్ణం పెడతాను! ఇన్నేళ్ళ నుంచి కాచుకుని కూర్చున్నాను, ఇప్పుడు ముందే చెప్పేస్తే ఇంక చూడ్డానికేముంటుందే? నీకు చిన్నప్పట్నించీ ఇదే బుద్ధి, నా సరదాలన్నీ పాడుచేస్తావు."

"ఒక్క మాటే. చిన్న మాట."

"చెవులు మూసుకున్నాను, వినపడదు! ఇదిగో, పాట వస్తోంది, మొదలవుతోంది. ఇవాళ ఇంజను డ్రైవరు ముఖం. ఉంటానే అక్కా."

ఫోను పెట్టేసింది. టీచరు కూడా స్పీకరు ఆపింది. "గొంతు ఏమీ మారలేదు పిన్నిగారూ" అంది.

అయినా ఆమె ఊరుకోలేదు. తన దగ్గరున్న ఆఖరి ప్రతి తీసి, గట్టి అట్టలో చుట్టి, చెల్లెలికి పంపించింది. అందిందని వారం తిరక్కుండా కబురు వచ్చింది. చెల్లెలు చాలా సంతోషించిందట. కథ తెలిసిపోతుందని లోపల తెరిచి చూడలేదట. ఆమె టీవీ బల్లకు ఒక కాలు పొట్టిదట. ఎన్ని అట్టముక్కలు పెట్టినా కుదరనిది, ఈ పుస్తకం సరిగ్గా సరిపోయిందట. ఇప్పుడు బొమ్మ కాస్త కూడా ఒరగకుండా నిలబడిందని, అక్క రాసిన పుస్తకం ఇంతగా ఉపయోగపడుతుందని ఎన్నడూ అనుకోలేదని చెప్పమందట.

ఇంతకీ ఆ మాట ఏమిటని మీరు నన్ను అడుగుతారు. నేను చదివాను, నాకు తెలుసు. పొయ్యి మీద కూర మాడేలోపు చదివేసే పుస్తకం అది. చెప్పడానికి నాకు ఏ ఒప్పందమూ అడ్డం లేదు. కాని మీ సరదా పాడుచేసిన పాపం నాకెందుకు? అచ్చయి, వెల కట్టి, అంగళ్ళలో అందరి కళ్ళెదుటా పెట్టిన మాటను దేశమంతా కలిసి ఇన్నేళ్ళూ పొక్కనివ్వకుండా దాచింది. రహస్యాన్ని ఇంత నమ్మకంగా దాచగలిగే జనం మరెక్కడా ఉండరు. మధ్యలో నేనొక్కదాన్ని నమ్మకద్రోహం చేసి, మీ అందరి ముందూ తలవంపులు తెచ్చుకోలేను.